అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి: పాత మిషనుకు న్యాయమైన ధర కట్టడం ఎలా?

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మన పెద్దలు అంటారు. మనం ఒక వస్తువు అమ్మాలనుకుంటే అడిగేవాళ్ళు ఉండరు. అదే వస్తువు కొనాలనుకుంటే ధర ముట్టుకోనివ్వదు. బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకు ఈ సామెతను ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. ఆర్డరు వచ్చిన మర్నాటి నుంచే ఇంట్లో ఫ్రిజ్ ఏం చేద్దాం, కూలర్ ఎవరికి ఇద్దాం, సైకిల్ లారీలో వేద్దామా అనే మాటలు మొదలవుతాయి. చివరికి రిలీవ్ అయ్యే రోజు దగ్గరపడేసరికి వచ్చిన ధరకు ఇచ్చేసి ఊరు వదులుతాం.

పాత వస్తువుకు ధర ఎలా కట్టాలో మేము ఈ ఏడాది ఒక కుట్టుమిషను దగ్గర నేర్చుకున్నాం. అది మా వస్తువు కాదు. మొదట తప్పు లెక్క వేసి, ఆ తర్వాత దిద్దుకున్నాం. ఆ పాఠాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాం.

గోడాదరాలో మా పొరుగు

మేము నలుగురం సూరత్‌లోని గోడాదరాలో ఉంటాం. మా అమ్మానాన్నలు వేరు వేరు కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో పని చేస్తారు. సూరత్ అంటే పాలిస్టర్ బట్టకూ చీరలకూ పేరు. ఆ మగ్గాల మీద పని చేయడానికి తెలంగాణ నుంచి ఎన్నో చేనేత కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. లింబాయత్, పర్వత్ పాటియా, గోడాదరా వైపు నడిచి వెళ్తుంటే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే ఇక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు.

మా కింది వాటాలో ఉండే అత్తమ్మ వాళ్ళది సిరిసిల్ల. మామయ్య మగ్గాల కార్ఖానాలో పని చేసేవారు. అత్తమ్మ ఇంట్లో జాకెట్లు, లంగాలు కుట్టేది. ఆరేళ్ళ కిందట ఆమె కాలితో తొక్కే పాత మిషను పక్కన పెట్టి, మోటారుతో నడిచే పెద్ద మిషను కొనుక్కుంది. అలాంటిదాన్ని ఏ కంపెనీది అయినా ఇక్కడ అందరూ "జుకీ మిషన్" అనే అంటారు. స్టాండు, బల్ల, మోటారు అన్నీ కలిపి అప్పుడు 16,500 రూపాయలు పడింది.

ఈ ఏడాది వాళ్ళ అత్తగారికి ఒంట్లో బాగుండక కుటుంబమంతా సిరిసిల్లకు తిరిగి వెళ్ళిపోవలసి వచ్చింది. చేతిలో మూడు వారాలే ఉన్నాయి. వీధిలో తిరిగే భంగార్‌వాలా మిషను చూసి 2,200 ఇస్తానన్నాడు. అత్తమ్మ మాతో అంది: "ఈ మిషన్ మీదనే మా బిడ్డ ఫీజులు కట్టిన. ఇనుము లెక్కల కొంటనంటుండు. ఏం చేద్దాం బిడ్డా, ఇచ్చేద్దునా?"

"నాలుగు రోజులు ఆగు అత్తమ్మా, మేము లెక్క వేసి చెబుతాం" అన్నాం. ఆ మాట అన్నాక బాధ్యత మా మీద పడింది. మేము తప్పు చెబితే నష్టపోయేది ఆమె.

మేము చేసిన మొదటి తప్పు

మాలో ఒకరు దుకాణంలో అడిగి వచ్చారు. అలాంటి కొత్త మిషను ఇప్పుడు 17,000, కరెంటు తక్కువ తినే కొత్త రకం మోటారుతో అయితే 21,000 అని చెప్పారు. "కొత్తది 21,000 అయితే మనది సగానికైనా పోతుంది. బేరానికి కొంచెం పెంచి చెబుదాం" అనుకుని, 12,000 అని కాగితం మీద రాసి సొసైటీ గేటు దగ్గర అతికించాం.

ఐదు రోజుల్లో ఒక్కరే వచ్చారు. కుట్టి చూస్తే అక్కడక్కడ కుట్టు దాటేస్తోంది. ఆయన 4,500 అని చెప్పి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ధర చదివి ఫోను కూడా చేయలేదు.

ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. ఎక్కువ చెబితే బేరంలో తగ్గించుకోవచ్చు అనుకుంటాం కానీ, ధర మరీ ఎక్కువైతే అసలు బేరమే మొదలు కాదు. కాగితం కొత్తగా అతికించిన రోజుల్లోనే అందరూ ఆగి చదువుతారు. ఆ రోజులను మేము వృథా చేశాం. రెండో పాఠం ఏమిటంటే, మాది కాని మిషను ధరను మా మిషనుతో పోల్చాం. కొత్త రకం మోటారు పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది. అత్తమ్మ మిషనుకు ఉన్న పాత రకం క్లచ్ మోటారు, కుట్టు ఆపినా స్విచ్ వేసి ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, కరెంటు తింటూనే ఉంటుంది. రెండూ ఒకటి కావు.

వయసును బట్టి ధర కడితే?

తర్వాత పుస్తకం తీశాం. యంత్రం ఏటా కొంత విలువ కోల్పోతుంది. దాన్ని తరుగుదల అంటారు. ఆదాయపు పన్ను లెక్కల్లో సాధారణ యంత్రాలకు మిగిలి ఉన్న విలువ మీద ఏటా 15 శాతం చొప్పున తరుగుదల తీస్తారు. ఆ పద్ధతిలో 16,500 ఇలా తగ్గుతుంది:

మొదటి ఏడాది చివర 14,025
రెండో ఏడాది చివర 11,921
మూడో ఏడాది చివర 10,133
నాలుగో ఏడాది చివర 8,613
ఐదో ఏడాది చివర 7,321
ఆరో ఏడాది చివర 6,223

ఇంకో పద్ధతి కూడా ఉంది. మిషను పదేళ్ళు పని చేస్తుందనీ చివరికి భంగారుకు 2,200 వస్తుందనీ అనుకుందాం. 16,500లో 2,200 తీసేస్తే 14,300. పదేళ్ళకు పంచితే ఏడాదికి 1,430. ఆరేళ్ళకు 8,580 తగ్గి, 7,920 మిగులుతుంది.

ఒకే మిషను, ఒకే వయసు. ఒక లెక్కలో 6,223, ఇంకో లెక్కలో 7,920. ఏది నిజం? రెండూ కాదు. తరుగుదల అనేది కొన్న ఖర్చును ఏళ్ళ మీద పంచి పద్దు రాసుకునే పద్ధతి. బజారులో కొనేవాడు మన పద్దు చూడడు, తనకున్న వేరే దారులు చూస్తాడు. కాబట్టి తరుగుదల లెక్కతో సుమారుగా ఎక్కడ ఉన్నామో తెలుసుకోవచ్చు, అంతే. అదే ధర అనుకోకూడదు.

వయసు ఒక్కటే ధరను నిర్ణయించదనడానికి రెండు ఉదాహరణలు చూద్దాం. మొదటిది మన సూరత్‌లోనే ఉంది. నాడెతో నేసే పాత మరమగ్గం ఏ లోపం లేకుండా నడుస్తున్నా, చాలాసార్లు కిలోల లెక్కన అమ్ముడుపోతుంది. ఎందుకంటే నీటి ధారతో పేక దారాన్ని తోసే వాటర్‌జెట్ మగ్గాలు, రేపియర్ మగ్గాలు వచ్చాయి. పాలిస్టర్ దారం నీటిని దాదాపు పీల్చుకోదు కాబట్టి వాటర్‌జెట్ దానికి బాగా సరిపోతుంది, నేత కూడా వేగంగా సాగుతుంది. పాత మగ్గం చెడిపోలేదు, దాని కాలం చెల్లింది.

రెండో ఉదాహరణ అమెరికాది. మాల్‌లోని ఆటల గదిలో మనలో కొందరు పిన్‌బాల్ మిషను చూసే ఉంటారు. వాలుగా ఉన్న బల్ల, పైన అద్దం, లోపల స్టీలు గోలీ. గోలీ కిందికి జారిపోకుండా రెండు పక్కలా చిన్న రెక్కలతో కొడుతూ ఉండాలి. ఆ రెక్కలు మొదటిసారి 1947లో వచ్చాయి. 1992లో వచ్చిన "ది ఆడమ్స్ ఫ్యామిలీ" అనే పిన్‌బాల్ మిషను 20,000కు పైగా తయారైంది. అన్ని ఉన్నా, దాని వయసు ముప్పై దాటినా, సేకరించేవాళ్ళు ఇప్పటికీ దాన్ని వెతికి మరీ కొంటారు. ఎందుకంటే ఆడినవాళ్ళకు ఆ ఆట నచ్చింది. అతి తక్కువ తయారై, ఎవరికీ నచ్చని మిషనుకు ఆ గిరాకీ ఉండదు. పాతది అయినంత మాత్రాన చవక కాదు, అరుదైనది అయినంత మాత్రాన ఖరీదు కాదు. కావాలనుకునేవాళ్ళు ఎంతమంది అన్నదే అసలు ప్రశ్న.

ప్రభుత్వం పాత వస్తువులను ఎలా అమ్ముతుంది?

మా తప్పు ఇంట్లో చెప్పినప్పుడు, స్టోర్స్ విభాగంలో పని చేసే ఒకరి నాన్నగారు నవ్వారు. "మా ఆఫీసులో కుర్చీ కండెమ్ చేసినా ఒక పద్ధతి ఉంటుంది" అన్నారు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలన్నీ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017ను పాటిస్తాయి. అందులో 217వ నియమం పాత వస్తువుల అమ్మకం గురించి చెబుతుంది. వస్తువును అమ్మే ముందు మూడు విలువలు లెక్క కట్టాలి: పుస్తక విలువ, మార్గదర్శక ధర, రిజర్వ్ ధర. పుస్తక విలువ కట్టడం కుదరకపోతే కొన్నప్పటి ధరను తీసుకోవచ్చు.

పుస్తక విలువ అంటే మనం పైన వేసిన తరుగుదల లెక్క. మార్గదర్శక ధర అంటే బజారులో ఎంత రావచ్చో మన అంచనా. రిజర్వ్ ధర అంటే ఇంతకు తగ్గితే అమ్మం అనే గీత. ఈ మూడూ వేరు వేరు అని మాకు అప్పుడే తెలిసింది. మేము మూడింటినీ కలిపి ఒకటే అంకె చేసి గేటుకు అతికించాం.

ఇనుప తుక్కు వ్యాపారం కోసం 1964లో మొదలైన ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో పాత సామాన్ల వేలం నడుపుతోంది. పెద్ద వేలమైనా, మా గేటు దగ్గర కాగితమైనా, సూత్రం ఒకటే. ముందు మన అంకెలు మనకు తెలిసి ఉండాలి.

ఐదు మెట్లు

మొదటి మెట్టు: నేల ఎక్కడ ఉందో చూడడం. మిషను నడవకపోయినా వచ్చే డబ్బే నేల. మేము విడివిడిగా అడిగి చూశాం. మోటారుకు 900, స్టాండుకూ బల్లకూ కలిపి 700, మిషను తల 28 కిలోల బరువు, కిలో 30 చొప్పున 840. మొత్తం 2,440. భంగార్‌వాలా చెప్పిన 2,200 మోసం కాదు, అతని లాభం తీసేసుకున్న ధర. కానీ అది ఇనుము ధర. నడిచే మిషను ధర కాదు.

రెండో మెట్టు: కప్పు ఎక్కడ ఉందో చూడడం. కొనేవాళ్ళు మన దగ్గర కాకపోతే ఎక్కడ కొంటారు? ఉధనా వైపు ఒక దుకాణంలో ఇలాంటి పాత మిషన్లనే బాగు చేసి, మూడు నెలల సర్వీసు హామీతో 11,000కు అమ్ముతున్నారు. హామీ లేని మన మిషనుకు ఆ ధర ఎవరూ ఇవ్వరు. కాబట్టి మన ధర 2,440కి పైన, 11,000కు కింద ఉండాలి. మేము అడిగిన 12,000 కప్పు దాటిపోయిందని ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

మూడో మెట్టు: అడిగిన ధరలు కాదు, అమ్ముడైన ధరలు తెలుసుకోవడం. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. చేతులు మారిన డబ్బే సాక్ష్యం. ఇల్లిల్లూ తిరిగి మిషన్లు బాగు చేసే మెకానిక్ భాయ్‌కి ఈ సంగతులు తెలుస్తాయి. ఈ మధ్య తనకు తెలిసి అమ్ముడైన ఐదు మిషన్ల ధరలు ఆయన చెప్పారు: 6,500, 7,200, 7,800, 8,500, 3,000.

ఈ అంకెలను అలాగే వాడకూడదు. 8,500కు పోయినదానికి కొత్త రకం మోటారు ఉంది. ఆ తేడా సుమారు 1,500 ఉంటుందన్నారు. అది తీసేస్తే 7,000. ఇక 3,000కు పోయినది నీళ్ళలో మునిగిన మిషను. వానాకాలంలో మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్, పర్వత్ పాటియా వైపు పల్లపు ఇళ్ళలోకి నీళ్ళు వస్తాయి. 2006 ఆగస్టులో తాపీ వరద వచ్చినప్పుడు నగరం చాలా భాగం మునిగింది. అందుకే సూరత్‌లో పాత మిషను కొనేవాళ్ళు తుప్పు ఆనవాలు కోసం కింది భాగం తప్పకుండా చూస్తారు.

ఇప్పుడు అంకెలను వరసగా పేర్చితే 3,000, 6,500, 7,000, 7,200, 7,800. సగటు తీస్తే 6,300 వస్తుంది. మునిగిన ఒక్క మిషను సగటును కిందికి లాగేసింది. మధ్యగతం, అంటే వరసలో సరిగ్గా నడిమి అంకె, 7,000. అది ఒక్క వింత అంకెకు లొంగదు. గణితం తరగతిలో మధ్యగతం ఎందుకు నేర్చుకుంటామో మాకు ఆ రోజు తెలిసింది. మా మార్గదర్శక ధర 7,000 అని రాసుకున్నాం.

నాలుగో మెట్టు: మన మిషను స్థితి చూడడం. ఆ 7,000 బాగా నడిచే మిషనుకు. అత్తమ్మ మిషను కుట్టు దాటేస్తోంది. మెకానిక్ భాయ్ విప్పి చూసి, బట్టను ముందుకు లాగే పళ్ళు అరిగాయని చెప్పారు. పళ్ళకూ ప్లేటుకూ 350, బాబిన్ కేసు 150, బెల్టు 100, కూలి 300. మొత్తం 900.

బాగు చేయించాలా, ఉన్నదున్నట్టు తక్కువకు అమ్మాలా? న్యాయంగా అయితే 900 ఖర్చు ఉన్న లోపానికి ధర 900 తగ్గాలి. కానీ కొనేవాళ్ళకు లోపల ఏముందో తెలియదు. తెలియనిచోట భయానికి కూడా ధర తగ్గిస్తారు. మొదటి వారం వచ్చినాయన 4,500 అన్నది అందుకే. 7,000కూ 4,500కూ తేడా 2,500. మరమ్మతుకు 900. అంటే బాగు చేయిస్తే 1,600 మేలు. చేయించాం, రసీదు దాచాం. నూనె వేసి తుడిచాం. రంగు మాత్రం వేయించలేదు. అమ్మే ముందు కొత్త రంగు వేస్తే కింద ఏదో దాస్తున్నారనే అనుమానం వస్తుంది.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. ఆ మిషను మీద సంపాదించిన డబ్బుతో అత్తమ్మ కూతురు చదువుకుంది. ఆ విలువను ధరలో కలపలేం. కొనేవాళ్ళు కొనేది మిషనునే, దాని జ్ఞాపకాన్ని కాదు. పైగా ఆరేళ్ళు రోజూ నడిచిందంటే అది గర్వకారణం, అరుగుదల కూడా. ఈ మాట ఆమెకు ఎలా చెప్పాలా అని మేము తడబడుతుంటే ఆమే అంది: "నాకు తెలుసు బిడ్డా. ఎవరన్న దీని మీద కుట్టుకొని బతుకుతే చాలు, భంగార్ల పడొద్దు."

ఐదో మెట్టు: రిజర్వ్ ధర గీయడం. దీన్ని కోపంతోనో మొహమాటంతోనో గీయకూడదు. అమ్మకపోతే ఏం చేస్తాం అని అడగాలి. అత్తమ్మకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి భంగారు, దాదాపు 2,400. రెండోది సిరిసిల్లకు తీసుకుపోయి అక్కడ అమ్మడం. అక్కడా ఇలాంటిది 7,000 దాకా పలుకుతుందని వాళ్ళ తమ్ముడు ఫోనులో చెప్పాడు. పార్సిల్ ఖర్చు 1,800. అంటే చేతికి 5,200. ఈ రెంటిలో మంచిది రెండో దారి. కాబట్టి 5,200 కన్నా తక్కువకు ఇక్కడ అమ్మడం దండగ. అదే రిజర్వ్ ధర. మరమ్మతుకు పెట్టిన 900 ఇందులో కలపలేదని గమనించండి. అది ఎటూ ఖర్చయిపోయింది. ఇక్కడ అమ్మినా అక్కడ అమ్మినా తిరిగి రాదు.

అడిగే ధర, గడువు

మార్గదర్శక ధర 7,000, రిజర్వ్ ధర 5,200. అడిగే ధర ఎంత పెట్టాలి? మన దగ్గర బేరం ఆడకుండా ఎవరూ కొనరు కాబట్టి కొద్దిగా చోటు ఉంచాలి. 7,500 పెట్టాం. ఇంకా 14 రోజులు ఉన్నాయి. మొదటి ఆరు రోజులు 7,500, తర్వాతి నాలుగు రోజులు 7,000, చివరి నాలుగు రోజులు 6,500 అని ముందే కాగితం మీద రాసుకున్నాం. ముందే ఎందుకంటే, గడువు దగ్గరపడేకొద్దీ గుండె దడతో ఎంతకైనా ఇచ్చేయాలనిపిస్తుంది. బదిలీ ఇళ్ళలో జరిగేది అదే. "ఎప్పుడు వెళ్ళిపోతున్నారు?" అని కొనేవాళ్ళు అడిగేది ఊరికే కాదు. మన తొందర వాళ్ళకు బేరం.

కొత్త కాగితం గుజరాతీ, హిందీ, తెలుగు మూడింటిలో రాశాం. తెలుగులో ఇలా ఉంది:

"మోటారు కుట్టుమిషను అమ్మకానికి ఉంది. ఆరేళ్ళు వాడినది. పాత రకం క్లచ్ మోటారు. స్టాండు, బల్లతో సహా. పళ్ళు, ప్లేటు, బాబిన్ కేసు, బెల్టు ఈ నెలలోనే కొత్తవి వేయించాం, రసీదు ఉంది. నీళ్ళలో మునగలేదు. వెనక్కి కుట్టే మీట కొంచెం బిగువు. 7,500 రూపాయలు. వచ్చి, మీ బట్ట మీద కుట్టి చూసుకోండి."

మీట బిగువు సంగతి రాయాలా వద్దా అని మాలో మాకు వాదన జరిగింది. రాశాం. రాయకపోయినా ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. అప్పుడు మిగిలిన మాటలు కూడా ఎవరూ నమ్మరు.

అమ్ముడైన రోజు

నాలుగు రోజుల్లో ఐదుగురు వచ్చి చూశారు. ఐదో రోజు ఒక అక్క తన వదినను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళది ఖాందేశ్, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, ఉండేది దిండోలీలో. వేరేవాళ్ళ మిషను మీద లంగాలు కుడుతోంది, ఒక్కోదానికి ఇంత అని కూలి. సొంత మిషను ఉంటే ఆ కూలి కాక మిగిలేది కూడా తనకే అని లెక్క వేసుకుని వచ్చింది. తను తెచ్చుకున్న పాలిస్టర్ ముక్క రెండు మడతలు వేసి కుట్టి చూసింది. కుట్టు చక్కగా పడింది. "6,000" అంది. అత్తమ్మ "7,000" అంది. ఆ అక్క కాసేపు ఆలోచించి సరేనంది.

డబ్బు తీస్తుండగా అత్తమ్మ ఆపింది. "పలుచటి జార్జెట్ మీద అప్పుడప్పుడు దారం పట్టది. సన్న సూది ఏసుకోవాలె, చెయ్యి మెల్లగ పోనియ్యాలె" అని హిందీలో చెప్పింది. మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ సంగతి మాకు కూడా తెలియదు. బేరం కుదిరిపోయింది, ఇప్పుడు చెప్పడం ఎందుకు అనిపించింది. వదిన వెంటనే 200 తగ్గించమంది. అత్తమ్మ ఒప్పుకుంది. 6,800కు మిషను వెళ్ళిపోయింది.

మరమ్మతు 900 పోగా అత్తమ్మకు మిగిలింది 5,900. భంగారుకు ఇచ్చి ఉంటే 2,200. ఆగినందుకు, అడిగి తెలుసుకున్నందుకు 3,700 ఎక్కువ. జార్జెట్ మాట చెప్పకుండా ఉంటే ఇంకో 200 వచ్చేవి. "ఆ 200 ఎందుకు వదిలేశావు అత్తమ్మా?" అని అడిగాం. "రేపు ఆ పిల్ల ఎవరిదో జార్జెట్ జాకెట్ ఖరాబు చేస్తే కట్టుకోవాల్సింది ఆమెనే గద" అంది.

వారం తర్వాత అత్తమ్మకు ఆ అక్క ఫోను వచ్చింది. మాకు ఒక్క క్షణం గుండె ఆగింది. మిషను మీద ఫిర్యాదేమో అనుకున్నాం. బాబిన్‌లో దారం చుట్టేటప్పుడు బిగువు ఎంత పెట్టాలి అని అడగడానికి చేసింది.

న్యాయమైన ధర అంటే ఏమిటో పుస్తకంలో వెతికాం కానీ, అర్థం అక్కడ దొరికింది. కొన్నవాళ్ళు ఇంటికి వెళ్ళి, అన్నీ తెలుసుకున్నాక కూడా మార్చమని అడగనక్కరలేని ధరే న్యాయమైన ధర.

మన బదిలీలకు పనికొచ్చే మాటలు

ఇంట్లో స్కూటరు ఉంటే బీమా కాగితం చూడండి. అందులో బీమా సంస్థ లెక్క కట్టిన విలువ ఉంటుంది. అది కొత్త బండి ధర మీద తరుగుదల తీసిన అంకె: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50. ఐదేళ్ళు దాటితే సంస్థా యజమానీ కలిసి మాట్లాడుకుంటారు. దీన్ని కూడా పుస్తక విలువ లాగే చూడండి, ఆఖరి ధరగా కాదు. బండి అమ్మితే 29, 30 నంబరు ఫారాలతో పేరు మార్పించాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌వోసీ కోసం 28 నంబరు ఫారం కావాలి. ఈ తిరుగుడును కూడా కొనేవాళ్ళు ధరలో లెక్క వేస్తారు. మన లాంటి కుటుంబాల కోసమే 2021 సెప్టెంబరు నుంచి బీహెచ్ సిరీస్ నంబర్లు వచ్చాయి. ఆ నంబరు ఉంటే రాష్ట్రం మారినా మన బండికి కొత్త నంబరు అవసరం ఉండదు.

ఆర్డరు రాకముందే ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ వస్తువు ఎప్పుడు, ఎంతకు కొన్నారు, ఎప్పుడు బాగు చేయించారు అని రాసి, రసీదులు అందులోనే అతికించండి. అమ్మే రోజు మన మాటకు అదే సాక్ష్యం.

అభ్యాసం

1. ఒక సైకిల్ 6,000కు కొన్నారు. మిగిలిన విలువ మీద ఏటా 15 శాతం తరుగుదల తీస్తే మూడేళ్ళ తర్వాత పుస్తక విలువ ఎంత?

2. మీ కాలనీలో అలాంటి సైకిళ్ళు 2,000, 2,400, 2,500, 2,600, 800కు అమ్ముడయ్యాయి. సగటు ఎంత? మధ్యగతం ఎంత? మార్గదర్శక ధరకు ఏది వాడతారు, ఎందుకు?

3. సైకిల్‌ను కొత్త ఊరికి పంపడానికి 700 ఖర్చు. అక్కడ దానికి 2,400 వస్తుంది. ఇక్కడ రిజర్వ్ ధర ఎంత?

4. బ్రేకు సరిగ్గా పడడం లేదు. బాగు చేయిస్తే 150. చేయించకపోతే కొనేవాళ్ళు 500 తగ్గిస్తున్నారు. ఏం చేస్తారు? చేయించడానికి సమయం లేకపోతే కొనేవాళ్ళకు ఏం చెబుతారు?

చివరి ప్రశ్నలో రెండో భాగానికి అంకెల్లో జవాబు లేదు. కానీ ఆ సైకిల్ రేపు తొక్కేది మన వయసు పిల్లలే అని గుర్తుపెట్టుకుని రాయండి.